సమిధలు లేని శిష్యులు

గురువు శిష్యుని ముఖమెఱుగక, శిష్యుడు గురువు నామమైన నెఱుగక జరుగు బోధను విద్యాదానమనవచ్చునా యను శంక, ప్రోగ్రామింగు నేర్చుకొను మన యింజనీరింగు విద్యార్థులను చూచినపుడు సహజముగా కలుగును. అర్ధరాత్రమున ప్రోగ్రాము నడువక నిలిచిపోగా, ఆ ఎర్రరు సందేశమును యథాతథముగా స్టాక్ ఓవర్‌ఫ్లో వంటి యంతర్జాల సభలో నుంచినచో, ఏ ఖండాంతరమునందో యున్న యొక యుద్యోగి దక్షిణ గోరక సమాధానము వ్రాయును. 2008లో నెలకొన్న యీ సభయందు అడిగినవాని కులగోత్రములు గాని వయస్సు గాని యెవరికిని పట్టవు. ప్రశ్న యొక్కటియే వాని యధికారము.

ప్రశ్నోపనిషత్తులో సమిత్పాణులై వచ్చిన యార్వురకు పిప్పలాదుడు వెంటనే బోధింపక, తపోబ్రహ్మచర్యశ్రద్ధలతో నొక సంవత్సరము వసించి పిమ్మట నడుగుడనెను. ఈ సభలవారును వేఱొక రీతిని అట్టి తపస్సునే విధించిరని నా యభిప్రాయము. ఏమేమి ప్రయత్నించితివో చెప్పుము, దోషము కనబడుటకు చాలినంత ప్రోగ్రామును మాత్రమే మిగిల్చి తక్కినది తొలగింపుము, అని వారి నియమము. రెండువందల పంక్తులను పదింటికి కుదించు యత్నములోనే దోషము బయల్పడి, ప్రశ్న పంపకమునుపే సమాధానము లభించుట యెందఱికో అనుభవము. వేదాంతులు శ్రవణానంతరము మననమును చెప్పిరి. ఇచట మననము ముందు, శ్రవణము తరువాత. సమాధానమును చదువకయే కాపీ చేసి అతికించుకొనువానికి రెండును లేవు. వాని మాట యటుండనిండు.

అయినను ముఖమెఱుగని బోధకు కాఠిన్యమొక దోషము. సంవత్సరము కలిసి వసించిన గురువునకు శిష్యుని మాంద్యమునకును భయమునకును గల భేదము తెలియును. పంక్తులను మాత్రమే చూచువానికి తెలియదు. తెలుగు మాధ్యమమున చదివి, తడబడు నాంగ్లమున నడిగిన పిల్లవానిని అలసుడని యెంచి ప్రశ్నను మూసివేయుట సులభము. తమ సభ క్రొత్తవారి నాదరించుట లేదని 2018లో స్టాక్ ఓవర్‌ఫ్లో వారే యొప్పుకొనిరి.

ఇంతకంటె గహనమైనది మఱొకటి కలదు. ఆ యుపనిషత్తుననే, ఆ యార్వురిలో నొకడైన సుకేశుడు, కోసల రాజపుత్రుడైన హిరణ్యనాభుడు షోడశకళాపురుషుని గూర్చి యడుగగా, తెలియనిదానిని తెలిసినట్లు పలుకుటకు వెఱచి, తెలియదనియే చెప్పి పంపెను. 2022 డిసెంబరులో చాట్‌జీపీటీ యను యంత్రము వ్రాసిన సమాధానములను ఆ సభవారు నిషేధించుటకును ఇట్టి వెఱపే కారణము: అవి చూపునకు సరియైనవి, పలుమాఱు తప్పులు. నేటి విద్యార్థులలో పలువురు ఆ యంత్రమునే ముందడుగుచున్నారు. అది విసుగుకొనదు, ప్రశ్నను మూయదు, కుదించి తెమ్మని నిర్బంధింపదు. కాఠిన్యము పోయినందుకు సంతోషింపవలసినదే. ఆ పది పంక్తుల తపస్సును దానితోడనే పోవుచున్నదేమో యని నా సంకోచము.