మనవి కాని ఎద్దులు

వినుకొండ ప్రాంతంలో ఇద్దరు రైతులు కలిస్తే మాట మిర్చి ధర దగ్గర మొదలై, కాలవ నీళ్ళ మీదికి మళ్ళి, చివరికి ఎద్దుల దగ్గరికి చేరుతుంది. తిరునాళ్ళ రోజులైతే ఇక చెప్పనక్కర్లేదు. ఏ ఊరి జత ఎన్ని అడుగులు లాగింది, ఏ గిత్త మలుపులో తడబడింది, ఎవరి జతకు ఈ ఏడు మేపు చాల్లేదు, అన్నీ వేళ్ళ మీద చెబుతారు. అలా చెప్పేవాళ్ళలో చాలామంది కొట్టాల్లో ఇవాళ ఎద్దులే లేవు. అరక పోయి ట్రాక్టరు వచ్చి ఒక తరం దాటింది. ఆ జతను కొన్నది వాళ్ళు కాదు, మేపింది వాళ్ళు కాదు, గెలిస్తే వచ్చే బహుమతిలో వాళ్ళకు పైసా వాటా లేదు. అయినా ఆ జత గెలిస్తే ఇంట్లో పిల్లాడు పరీక్ష పాసైనట్టు పొంగిపోతారు. ఒకరి కొట్టంలో పెరిగే పశువు మీద ఇంకొకరికి ఇంత మమకారం ఎందుకు పుడుతుందన్నది నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న.

దూరం నుంచి చూసేవాళ్ళకు బండలాగుడు పోటీ మొరటు బలప్రదర్శన. నేల మీద బరువైన రాతిబండ, దానికి కట్టిన గొలుసు, కాడి కింద రెండు ఎద్దులు, చుట్టూ కేకలు. ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. బరి చివరికి వచ్చాక మళ్ళీ వెనక్కి తిప్పుకుని లాగాలి. పశువు వయసును పళ్ళను బట్టి చెబుతారు కాబట్టి పోటీల్లో విభాగాలు కూడా పళ్ళను బట్టే ఉంటాయి: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది.

నా ప్రశ్నకు మొదటి జవాబు ఈ పళ్ళ లెక్కలోనే ఉంది. పాలపళ్ళప్పుడు జనాన్ని చూసి బెదిరిన గిత్తే మరో ఏడు రెండు పళ్ళలో కనిపిస్తుంది. ఆ తర్వాత నాలుగు పళ్ళలో. మూపురం నిండుతుంది, గంగడోలు జారుతుంది, కాడి ఎత్తగానే తనంతట తనే మెడ వంచే తీరు అలవడుతుంది. ఇదంతా చూసేవాడి కళ్ళ ముందే జరుగుతుంది. ఏటా ఒకటి రెండుసార్లు, కాసేపే చూసినా, ఒక జీవి ఎదగడాన్ని వరుసగా చూశాక అది పరాయిదిగా మిగలదు.

ఇంగ్లండు, ఐర్లండుల్లో కంచెలు దూకే గుర్రాలను ప్రేమించేవాళ్ళ కథ కూడా ఇదేనని నాకనిపిస్తుంది. మన మలక్‌పేటలో జరిగేవి చదును నేల మీది పరుగులు. ఆ పరుగుల్లో పేరు తెచ్చుకున్న మగ గుర్రాన్ని మూడు నాలుగేళ్ళ వయసుకే సంతానం కోసం తీసుకుపోతారు. జనానికి దానితో పరిచయం కుదిరేలోగా అది కనుమరుగవుతుంది. కంచెలు దూకేవాటిలో ఎక్కువ భాగం బీజం తీసిన గుర్రాలు. వాటికి పరుగే బతుకు, పదీ పన్నెండేళ్ళు వచ్చేదాకా బరిలోనే ఉంటాయి. అందుకే అక్కడి అభిమానులు తమకిష్టమైన గుర్రం గురించి చుట్టం గురించి చెప్పినట్టు చెబుతారు. రెడ్ రమ్ అనే గుర్రం లివర్‌పూల్ దగ్గరి ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్‌ను 1973లో, 1974లో, మళ్ళీ 1977లో గెలిచింది. మధ్యలో రెండేళ్ళూ రెండో స్థానం. దానికి శిక్షణ ఇచ్చిన జింజర్ మెకెయిన్ పాత కార్ల వ్యాపారి, సముద్రపుటొడ్డు ఇసుకలో పరిగెత్తించి దాన్ని తయారుచేశాడు. 1995లో అది చనిపోతే గెలుపు గీత దగ్గరే పాతిపెట్టారు.

కానీ ఆ 1973 పందెం గురించి చెప్పుకునేటప్పుడు జనం రెడ్ రమ్‌తో ఆగరు. ఆ రోజు దాదాపు దారంతా ముందున్నది క్రిస్ప్ అనే ఆస్ట్రేలియా గుర్రం. రెడ్ రమ్ కంటే పది కిలోలకు పైగా ఎక్కువ బరువు మోస్తూ, ముప్పై కంచెలూ దూకి, ఆఖరి అడుగుల్లో కాళ్ళు తేలిపోయి, ముప్పావు గుర్రమంత దూరంలో ఓడిపోయింది. యాభై ఏళ్ళు దాటినా దాన్ని తలుచుకుని బాధపడేవాళ్ళున్నారు. గెలుపే మమకారానికి మూలమైతే క్రిస్ప్ పేరు ఎవరికీ గుర్తుండకూడదు.

మన బరిలో కూడా నేనిది చూశాను. ఒక శ్రీరామనవమి పోటీల్లో ఒక జత మూడో మలుపు తర్వాత ఆగిపోయింది. బండ అంచు మెత్తటి మట్టిలో దిగబడింది. ఎలపట ఎద్దు ముందు మోకాళ్ళ మీదికి వంగింది. ముట్టె నేలకు ఆనేంతగా మెడ దించింది. వెనక గిట్టలు మట్టిని తవ్వుతూ లోపలికి దిగాయి. తొడ మీది తెల్లటి చర్మం కింద కండ తాడులా బిగిసి సన్నగా వణకడం నాకు స్పష్టంగా కనిపించింది. దాపటది ఒక్క క్షణం పక్కకు చూసి, తానూ అలాగే వంగింది. బండ జానెడు కదిలింది, అంతే. సమయం అయిపోయింది. ఆ జతకు ఏ బహుమతీ రాలేదు. సాయంత్రం టీ బంకు దగ్గర మాత్రం అందరూ ఆ జానెడు గురించే మాట్లాడారు. ఒక పెద్దాయన నాతో అన్నాడు: "గెలిచినయ్యి తేలిగ్గా లాక్కుపోయినయ్యి బాబూ. చూసి సంతోషపడ్డాం. వీటిని చూస్తే కడుపులో దేవినట్టయింది."

ఆయన మాటలో నాకు రెండో జవాబు దొరికింది. శక్తి మిగిలి ఉన్నంతసేపు ఏ జీవైనా మనకు దూరంగానే ఉంటుంది. ఎద్దు బలం మనిషికి లేనిది, ఊహకు కూడా అందనిది. ఆ బలం అయిపోయే చోట మాత్రం మనకూ దానికీ తేడా లేదు. అప్పు తీరని ఏడు, వాన మొహం చాటేసిన ఏడు, కాడి కింద అలా వంగిన మనుషులు ఈ నేల మీద కొల్లలు. అయినా ఎద్దు మన కష్టానికి గుర్తుగా నిలిచే బొమ్మ కాదు. దాని శ్రమ దానిది. దాన్ని చూసి మనకు ఏడుపొచ్చినంత మాత్రాన అది మనకోసం లాగినట్టు కాదు.

ఇంకో సంగతి, గుర్రప్పందేల్లో లేనిది. మనకు ఇష్టమయ్యేది ఒక్క ఎద్దు కాదు, జత. ఎలపట దానికి చురుకు, దాపట దానికి నిబ్బరం. వయసు, ఎత్తు, అడుగు కలిసే రెండింటిని వెతికి పట్టడంలోనే రైతు పనితనమంతా ఉంది. ఉలవలు ఉడకబెట్టి పెట్టడం, తెల్లారకముందే నడక, దుక్కిలో సాధన, ఇవన్నీ తర్వాత. ఒకటి జబ్బుచేసి పోతే రెండోది ఎంత మంచిదైనా ఆ జత ఇక లేనట్టే. ఇంకోదాన్ని తెచ్చి కడతారు, గెలుస్తారు కూడా. చూసేవాళ్ళు మాత్రం పాత జత గురించే మాట్లాడతారు. రెండు ప్రాణులు ఒక అడుగు వెయ్యడాన్ని ప్రేమించిన మనసుకు మారుబేరం తెలియదు.

మన బరిలో లాగే ఈ ఒంగోలు జాతి పుట్టినిల్లు గుండ్లకమ్మ ఏటి పరిసరాలు. వినుకొండ, నరసరావుపేట నేలలు ఆ జాతి పెరిగిన చోట్లలోవే. పాలలాంటి తెలుపు, కాటుక పెట్టినట్టున్న కళ్ళు, పొట్టి కొమ్ములు, కొండలా లేచిన మూపురం. ఈ జాతి బ్రెజిల్‌కు పోయి నెలోర్ అనే పేరుతో అక్కడి మందల్లో అత్యధిక భాగమైంది. 1960ల మొదట్లో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్ళిన ఆంబోతును అక్కడివాళ్ళు ఊరి పేరుతోనే కర్వాది అని పిలిచారు. దాని సంతతి లెక్కలు ఇప్పటికీ రాసుకుంటున్నారు. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ ధరను చూసి నేను పొంగిపోను. ఒక ఆంబోతు పేరు అరవై ఏళ్ళుగా చెరిగిపోకుండా ఉందన్నదే నన్ను కదిలిస్తుంది.

మన బరిలో మైకులో వినపడేది యజమాని పేరు, ఊరు, మండలం. ఇది న్యాయమే, ఎన్నో రాత్రులు కొట్టంలో పడుకున్న మనిషికి ఆ పేరు వినపడాలి. కానీ లాగిన ఎద్దుల పేర్లు? ఇంట్లో వాటికి పేర్లుంటాయి, ఆడవాళ్ళూ పిల్లలూ పిలిచేవి. అవి కొట్టం దాటి రావు. ఇదే పల్నాట ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక పందెంలో దిగిన బ్రహ్మనాయుడి కోడిపుంజుకు చిట్టిమల్లు అని పేరుంది. ఆ పందెం ఓడి ఆయన పక్షమైన మాచర్లవారు ఊరు విడిచారు. కారంపూడి వీరుల తిరునాళ్ళలో ఇప్పటికీ ఒక రోజు కోడిపోరుకే కేటాయిస్తారు. ఒక పుంజును పేరుతో గుర్తుంచుకున్న నేల మనది. మన కళ్ళ ముందు లాగిన ఎద్దులను పేరు లేకుండా మరిచిపోవడం నాకు మింగుడు పడదు.

పశువులతో పోటీలు ఉండొచ్చా అన్న దానిపై సుప్రీంకోర్టు దాకా వాదనలు నడిచాయి. 2014 మే 7న జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను కోర్టు కాదంది. ఆ తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకుంటే 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. చట్టం సంగతి చట్టానిది. అభిమానిగా నా బాధ్యత అంతటితో తీరదు. చెర్నాకోల వీపున పడినప్పుడు అందరికంటే ముందు "ఆపండి" అని అరవవలసింది ఆ జతను ప్రేమించేవాడే. దెబ్బకు కదిలిన అడుగులను నేను లెక్కలో వేసుకోను. తోలేవాడి గొంతుకు, గిత్త పేరు పెట్టి పిలిచిన పిలుపుకు కదిలినవే నాకు అడుగులు. అలా తోలేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ జతలు ముందున్నా వెనకున్నా చూడటానికి నేను పోతాను.

ఇక లాగడం మానేసిన ఎద్దుల సంగతి. కొందరు రైతులు వాటిని చివరిదాకా కొట్టంలోనే ఉంచుకుంటారు. అందరికీ ఆ వీలు ఉండదు, మేత ఖర్చు మామూలుది కాదు. అయినా ఒక జతను ఏళ్ళ తరబడి ఇష్టపడ్డవాడు, అది బరిలో కనిపించని ఏడు "ఏమైంది?" అని ఒక్కసారైనా అడగాలి. సంతకు పోయిందంటే ఎక్కడికి పోయిందని అడగాలి. నాకు తెలిసిన కమిటీవాళ్ళతో ఒక మాట అంటూనే ఉన్నాను: సీనియర్ల పోటీకి ముందు, పాత జతలను ఊరికే ఒకసారి బరిలో నడిపించండి, వాటి పేర్లు, వయసు, లాగిన అడుగులు మైకులో చెప్పండి అని. ఇద్దరు ముగ్గురు బాగుందన్నారు. ఎద్దులను మేపి తోలిన ఒక పెద్ద రైతు మాత్రం ఒప్పుకోలేదు.

"వద్దు బాబూ," అన్నాడు. "మైకు మోత, జనం గోల వినపడ్డయ్యంటే అయ్యి మళ్ళీ మెడ వంచుతయ్యి. కాడి లేకపోయినా వంచుతయ్యి. పేర్లు చదువుకోండి, ఎవరొద్దన్నారు. వాటిని మాత్రం ఇంటికాడే ఉండనీయండి."

ఈసారి పేర్లు చదివించాలని చూస్తున్నాను.