రేపటి కోసం ఎంత మోయాలి?

కార్తికం మొదలు సంక్రాంతి దాకా తెనాలి స్టేషన్‌లో నలుపు దుస్తులదే రాజ్యం. రేపల్లె బ్రాంచి లైను రైలు దిగినవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు గుంపులు గుంపులుగా శబరి ఎక్స్‌ప్రెస్ కోసం చూస్తుంటారు. సికింద్రాబాద్‌లో బయల్దేరి గుంటూరు, తెనాలి, బాపట్ల దారిన దక్షిణానికి పోయే ఆ బండి, శబరిమలకు వెళ్లేవాళ్లను చెంగన్నూరులో దించుతుంది. ప్రతి స్వామి దగ్గరా ఒక గుడ్డ మూట ఉంటుంది. భుజాన ఇంకో సంచి. చాలామందికి చక్రాల ట్రాలీ కూడా.

ఇందులో దేవుడి సామాను ఎంత, మనిషి సామాను ఎంత? త్రిపురనేని రామస్వామి సూతాశ్రమం కట్టుకున్న ఊరు తెనాలి; దేవుడికి నెయ్యి దేనికని నిలదీసేవాళ్లకు అక్కడ ఎప్పుడూ కొదవలేదు. వాళ్ల ప్రశ్న పక్కన పెట్టినా సామాను ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. ఇంకా రాని రోజు కోసం మనిషి ఎంత మోసుకుపోవాలి?

ఇరుముడి దీనికి ఒక లెక్క చెబుతుంది. మూట ఒక్కటే, అరలు రెండు. ముందు ముడి స్వామిది: కొబ్బరికాయకు ఒక కన్ను తొలిచి, నీళ్లు వంచేసి, ఆవునెయ్యి నింపి బిరడా బిగించిన ముద్ర కొబ్బరికాయ, పూజాద్రవ్యాలు. వెనక ముడి మోసేవాడిది: దారిలో వండుకోవడానికి బియ్యం, ఉప్పూ పప్పూ. గురుస్వామి దగ్గరుండి కట్టిస్తాడు, ఇంటివాళ్లు గుప్పిళ్లతో బియ్యం పోస్తారు. దారి పొడుగునా వెనక ముడి కరుగుతూ పోతుంది, ముందు ముడిని సన్నిధానం చేరేదాకా విప్పరు. ఈ మూట తలమీద లేనిదే పద్దెనిమిది మెట్లు ఎక్కనివ్వరు. అది లేనివాళ్లు వేరే దారిన వెళ్లి దర్శనం చేసుకోవచ్చు.

ఈ మూటకు మూలం ఒక అడవి ప్రయాణంలోనే ఉందని కథ. రాణి తలనొప్పి నటించి పులిపాలు కావాలంటే, తెస్తానని మణికంఠుడు (అయ్యప్ప) అడవికి బయల్దేరాడు. తండ్రి పందళరాజు దారి బత్తెంతో పాటు మూడు కన్నుల కొబ్బరికాయ ఒకటి కట్టి ఇచ్చాడు. శబరిమల దారిలోని ఎరుమేలిలో పేటతుళ్లి నాట్యం ఆడే స్వాములు ఇప్పటికీ ఒంటికి రంగులు పూసుకుని, ఆకులు కట్టుకుని, చెక్క బాణాలు పట్టుకుని వేటగాళ్ల వేషం వేస్తారు. మొదటిసారి వచ్చిన కన్నెస్వాములు ఆ బాణాల్ని శరంగుత్తిలో గుచ్చి వస్తారు.

నిజమైన వేట మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టంతో దాదాపు ముగిసిపోయింది. అమెరికా కొండల్లో మాత్రం రోజుల తరబడి అడవిలో ఉండి వేటాడేవాళ్లు ఇప్పటికీ సంచి సైజు గురించి తెగ తర్జనభర్జన పడతారు. మూడు నాలుగు రాత్రులకు 60 నుంచి 80 లీటర్ల సంచి అన్నది మామూలు అంచనా. అయితే వాళ్లను తికమక పెట్టేది పోయేటప్పటి బరువు కాదు, తిరుగు ప్రయాణం. ఎల్క్ లాంటి పెద్ద జంతువు చిక్కితే ఎముకలు తీసేసినా ఆ మాంసం ఒక మనిషి ఒక్క విడతలో మోయలేడు. అందుకే సంచికీ దాని ఫ్రేముకూ నడుమ ఖాళీ ఉండే రకం కొంటారు. వేటగాడు దొరకబోయేదాని కోసం చోటు మిగుల్చుకుని వెళతాడు. స్వామి మాత్రం ఇవ్వాల్సినదాన్ని ముందే నింపుకుని వెళతాడు. వేషం ఒకటే అయినా మూట కట్టే పద్ధతి పూర్తిగా తిరగబడింది.

ఇంతకంటే కటువైన లెక్క రేపల్లె రైలు దారిలోనే ఉంది. తెనాలి దాటాక వచ్చే భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే స్తూపాన్ని తవ్విస్తే, బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన ధాతు కరండాలు బయటపడ్డాయి. అలాంటి స్తూపాల చెంత మసలిన భిక్షువుల సామాను ఎనిమిది వస్తువులు: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడకట్టే గుడ్డ. పాళీ వినయ పిటకం ప్రకారం ఇవాళ స్వీకరించిన అన్నం రేపటికి దాచుకుని తింటే దోషం. అదనంగా దొరికిన పాత్రను పది రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదు. ఒంట్లో బాగాలేనివాళ్లకు మాత్రం ఐదు మందుల్ని ఏడు రోజుల దాకా దాచుకోనిచ్చారు: నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం. రేపటి ఆకలిని నమ్మొద్దన్నవాళ్లే రేపటి జబ్బుకు చోటిచ్చారు! యోగసూత్రాల్లో అపరిగ్రహాన్ని యమాల్లో ఒకటిగా చేర్చిన పతంజలి ఇలా వస్తువుల పట్టికలు వేయలేదు. వినయ పిటకం రాసినవాళ్లకు మనుషులు మరి కాస్త బాగా తెలుసనిపిస్తుంది.

ఈ లెక్కన ఇరుముడిది నడిమి దారి. రేపటికి చోటుంది, కానీ సగమే. పైగా ఆ సగానికీ కొలత మోసేవాడి మెడే.

ఎరుమేలి నుంచి అళుదా నది, కరిమల మీదుగా పంబకు పోయే పాత దారి 40 కిలోమీటర్లకు పైనే. పులులు తిరిగే పెరియార్ అడవి అది. పూర్వం వెనక ముడిలో బియ్యం లేకపోతే పస్తే. ఇప్పుడు పంబ దాకా బస్సులు, దారి పొడుగునా హోటళ్లు, అన్నదానాలు. అందుకే 2024 నవంబరులో శబరిమల తంత్రి (ప్రధాన పూజారి) ఇరుముడిలో సరుకులు తగ్గించాలని దేవస్వం బోర్డుకు రాశారు: కర్పూరం, అగరుబత్తీలు, పన్నీరు అక్కర్లేదు, వెనక ముడిలో కాసిని బియ్యం చాలు. అదే ఏడాది అక్టోబరులో పౌర విమానయాన భద్రతా విభాగం, స్వాములు కొబ్బరికాయను క్యాబిన్‌లోకి తీసుకెళ్లడానికి 2025 జనవరి 20 దాకా వెసులుబాటు ఇచ్చింది. దేవుడి కాయకు ఎక్స్‌రే పరీక్ష తప్పలేదనుకోండి.

మూట చిక్కిపోయిందంటే మనిషి రేపటి బెంగ కూడా చిక్కిపోయినట్టేనా? తెనాలి ప్లాట్‌ఫారం మీది ట్రాలీలు చూస్తే అలా అనిపించదు. వెనక ముడిలో ఉండాల్సినవే అక్కడికి చేరి పెరిగాయి: దుప్పట్లు, జంతికలు, పవర్ బ్యాంకులు, ఎందుకైనా మంచిదని ఇంకో జత బట్టలు. షుగరు మాత్రలు తెచ్చుకున్న పెద్దాయన్ని ఎవరూ తప్పుపట్టరు. భట్టిప్రోలు భిక్షువులూ పట్టి ఉండరు. కానీ తలమీది మూటకు మెడ చెప్పే హద్దును చక్రాలు చెప్పవు. నెప్పి లేదు కనుక లెక్కా లేదు.

పంబ దగ్గర ఆ సంచుల్ని వ్యానులోనో క్లోక్‌రూములోనో వదిలేసి, ఇరుముడి ఒక్కటీ నెత్తిన పెట్టుకుని స్వాములు కొండెక్కుతారు. అంటే ఏది లేకపోయినా నడుస్తుందో వాళ్లకు తెలుసు. మరుసటి ఏడు ట్రాలీలు మళ్లీ అంతే నిండుగా బయల్దేరతాయి. ఇరుముడిలో ఏముండాలో గురుస్వామి చూస్తాడు, తంత్రి రాస్తాడు, విమానాశ్రయంలో తనిఖీ చేస్తారు. ట్రాలీ జోలికి మాత్రం ఇంకా ఎవరూ పోలేదు.