రెండు వీధుల అవతలి ఇల్లు

ఇక్కడ అమెరికాలో, ప్లేనోలో, మా చిన్నమ్మాయిది 2024లో ఏడాది పొడుగునా ఒకటే పాట. "అమ్మా, వాళ్ళింటికి వెళ్ళిరానా?"

వాళ్ళంటే బడిలో దాని స్నేహితురాలి కుటుంబం. ఆ పిల్ల తల్లిదండ్రులు విడిపోయి కొన్నేళ్ళయింది. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. అయినా ఆదివారం రాత్రి భోజనానికి మొదటి భర్త వస్తాడు. వంట ఆయనదే. గిన్నెలు తోమేది రెండో భర్త. పదిహేనేళ్ళ మా పిల్లకు ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాయమైపోయింది. "వాళ్ళు పోట్లాడుకోరా?" అని అడిగాను. "పోట్లాడుకుంటారమ్మా, మా ముందే. ఆ తర్వాత అందరూ కూర్చుని తింటారు" అంది.

మన వాళ్ళలో నలుగురు నా మేలు కోరి చెప్పారు: "పిల్లను అటు పంపకు, మన విలువలు నిలబడవు." వాళ్ళ భయం నాకూ ఉంది. కాదనను. కానీ నాకు వెంటనే గుర్తొచ్చింది విజయవాడలో ఒక ఇల్లు.

నేను పెరిగింది సత్యనారాయణపురంలో. బడికి తాతయ్య తీసుకెళ్ళి, సాయంత్రం తాతయ్యే తీసుకొచ్చేవారు. దొడ్లో జామచెట్టు ఎక్కాలన్నా అమ్మనడగాలి. ముద్దుగానే పెంచారు, దేనికీ లోటు చేయలేదు. కానీ నీకేం కావాలని నన్నెవరూ అడిగిన గుర్తు లేదు. నాకేం కావాలో వాళ్ళకే తెలుసు.

ఆరో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల ఇల్లు మాకు రెండు వీధుల అవతల. లెక్కల నోట్సు వంకతో తాతయ్యను వెంటబెట్టుకుని మొదటిసారి వెళ్ళాను. అరుగు మీద వాళ్ళ నాన్న కూతురికి జడ వేస్తున్నారు. ప్రెస్సులో కంపోజిటరు. గోళ్ళ చివర సిరా నలుపు. రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని, జుట్టు మూడు పాయలు తీసి, ఒక్కో మలుపూ బిగిస్తున్నారు. పాపిడి వంకర పోయిందని అది గొణిగితే, అల్లిందంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టారు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపల నిద్రపోతోంది. ఆ నిద్ర చెడకుండా తండ్రీ కూతుళ్ళు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. తాతయ్య గడప దాటలేదు, వీధిలోనే నిలబడ్డారు. నేను మాత్రం ఆ జడ పూర్తయ్యేదాకా కళ్ళు తిప్పుకోలేకపోయాను.

వాళ్ళది కులాంతర వివాహం. ఇంట్లో దేవుడి గూడు ఉండాల్సిన చోట పుస్తకాలుండేవి. నా స్నేహితురాలి పేరులో ఏ దేవతా లేదు. భోజనాల వేళ వాళ్ళమ్మ కూడా అందరితో పాటే కూర్చునేది. ఒకరోజు వీధిలో రిక్షా తొక్కే ఆయన కూడా ఆ బంతిలోనే ఉన్నాడు. మా ఇంట్లో ఆడవాళ్ళ విస్తర్లు మగవాళ్ళు లేచాకే. "నీకు పెరుగు ముందా, చారు ముందా?" అని వాళ్ళ నాన్న నన్నడిగారు. ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాను.

దాని పేరు అంత వింతగా ఎందుకుందని ఒకసారి ఆయన్నే అడిగాను. నవ్వి, పటమటలోని నాస్తిక కేంద్రం సంగతి చెప్పారు. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు, భార్య సరస్వతి గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో దాన్ని మొదలుపెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని, ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టిన బిడ్డకు సమరం అని, తొమ్మిదో సంతానానికి నౌ అని పేర్లు పెట్టారు. పెద్దమ్మాయి మనోరమకు దళితుడైన అర్జునరావుతో పెళ్ళి నిశ్చయిస్తే, సేవాగ్రామంలో తానే జరిపిస్తానన్నారు గాంధీజీ. ఆయన హత్య తర్వాత, 1948లో, ఆ పెళ్ళి అక్కడే జరిగింది. లవణం గారు 1960లో కవి జాషువా కూతురు హేమలతను చేసుకున్నారు. దేవుణ్ణి నమ్మని గోరా గాంధీ ఆశ్రమానికి వెళ్ళి ఆయనతో వాదించి, ఆయన ప్రేమను పొంది, ఆ మాటలను పుస్తకంగా రాశారంటే పదకొండేళ్ళ నాకు నమ్మకం కలగలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళతో వాదించడమంటే ఎదురు చెప్పడమే.

1980 ఫిబ్రవరి 16, శనివారం, సూర్యగ్రహణం. నల్గొండ మీదుగా సంపూర్ణ గ్రహణం. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు కాచుకుని కూర్చున్నారు. మాకు సంపూర్ణం కాకపోయినా సూర్యుడిలో చాలా భాగం మూసుకుపోతుందన్నారు. ముందురోజు బడి వదిలాక నా స్నేహితురాలి నాన్న మా ఇద్దరికీ చెప్పారు: "సూర్యుడి వంక నేరుగా చూడకండి, కళ్ళు పోతాయి. వేపచెట్టు నీడ చూడండి. ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగుచుక్కా చిన్న సూర్యుడే."

మా ఇంట్లో మధ్యాహ్నానికే తలుపులన్నీ బిగించారు. ఊరగాయ జాడీల మీద దర్భలు. నెలలు నిండుతున్న పిన్నికి గ్రహణం మొర్రి భయం. నడవా గదిలో కదలకుండా పడుకోబెట్టారు. వీధి సద్దుమణిగింది. పడమటి తలుపుకు ఎప్పుడో మేకు ఊడిన చిల్లు ఒకటుంది. రోజూ దాంట్లోంచి గచ్చు మీద రూపాయి బిళ్ళంత వెలుగు గుండ్రంగా పడేది. ఆవేళ చూస్తే అది గుండ్రంగా లేదు. ఒక పక్క కొరికినట్టుంది. కాసేపటికి నెలవంకైంది. మూసిన ఇంట్లో, చీకట్లో, మా గచ్చు మీదే గ్రహణం పట్టింది. నేను నోరు తెరిచి ఒక్క మాటా అనలేదు. అంటే మూసేస్తారు. అమ్మ నా చూపు పట్టుకుని అటు చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత లేచి, పాత చీర ముక్క మడిచి ఆ చిల్లులో కుక్కింది.

రెండు వీధుల అవతలి ఆ ఇంటిని నేను బంగారంలా తలుచుకుంటున్నానని అనుకోవద్దు. అక్కడా కన్నీళ్ళున్నాయి. వాళ్ళమ్మ వైపు బంధువులెవరూ గడప తొక్కలేదు. పెదనాన్న కూతురి పెళ్ళికి పిలుపు రాలేదని నా స్నేహితురాలు బడి వెనకాల కూర్చుని ఏడ్చింది. ఇక్కడి పిల్ల కూడా అంతే. వారం ఒక ఇంట్లో, వారం ఒక ఇంట్లో. ఒకసారి మా ఇంట్లో పడుకున్న రాత్రి, "మీ బట్టలన్నీ ఒకే అలమరలో ఉంటాయా?" అని మా అమ్మాయినడిగిందట.

నేను సిగ్గుపడకుండా చెప్పదలచుకున్నది ఇది. మన సభల్లో విలువలంటూ పిల్లల ముందు పెట్టేది సత్యనారాయణపురంలోని మా ఇల్లొక్కటే. రెండు వీధుల అవతలి ఇల్లు కూడా తెలుగిల్లే. దాన్ని మనం విమానాశ్రయంలోనే వదిలేసి వచ్చాం. కూతురి జడ కోసం తండ్రి పళ్ళ మధ్య పట్టిన రిబ్బను మనది కాదా? ఆ బంతి భోజనం మనది కాదా? మా అమ్మాయిని ఆ ఆదివారం భోజనానికి లాగేది విచ్చలవిడితనం మీది మోజు కాదు, నేను విన్నంత వరకూ. అక్కడ పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకుంటారని చెబుతూ దాని కళ్ళు మెరుస్తాయి. ఇంట్లో నేనెన్నిసార్లు ఒప్పుకున్నానో లెక్క వేసుకుంటే నిద్ర పట్టలేదు. పిల్లల్ని ఆపే ముందు ఒకసారి మీరే వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చోండి. నేను గోంగూర పచ్చడి పట్టుకుని వెళ్ళాను. తల్లీ, ఇద్దరు భర్తలూ ఎలా తినాలో అడిగి తెలుసుకుని తిన్నారు.

2024 ఏప్రిల్ 8, సోమవారం. మా ఊరి మీదుగా సంపూర్ణ గ్రహణం. ఉదయమే ఆవకాయ జాడీ మీద దర్భ వేశాను, అత్తయ్యగారి మాట కాదనలేక కాదు, నాకే వేయాలనిపించింది. తర్వాత బూందీ గరిటె పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. ఆ పిల్ల, వాళ్ళమ్మ, ఇద్దరు నాన్నలూ మా వాకిట్లోనే ఉన్నారు. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. సిమెంటు మీద గరిటె చిల్లులన్నీ నెలవంకలయ్యాయి. 1:40 దాటాక చీకటి పడింది, మూడు నిమిషాలకు పైగా. వీధి దీపాలు వెలిగాయి. అత్తయ్యగారు లోపల గదిలో జపం చేసుకుంటూ కూర్చున్నారు. మా అమ్మాయి మధ్యలో వెళ్ళి ఆవిడ పక్కన కాసేపు కూర్చుని, మళ్ళీ వచ్చింది.

ఆ సాయంత్రం విజయవాడ నుంచి అమ్మ ఫోన్. అక్కడ అప్పుడే తెల్లవారింది. దర్భ వేశావా అని అడిగింది, వేశానన్నాను. తలంటు పోసుకున్నారా అంది, పోసుకున్నామన్నాను. ఇంక పెట్టేస్తుందనుకున్నాను. కాసేపు ఊరుకుని, మెల్లిగా అడిగింది:

"చీకటి పడ్డప్పుడు పిట్టలు ఏం చేశాయే?"