నాచునకును చిట్టెలుకకును దయ సమమా?

మధురవాడ చేరువనున్న బావికొండపై, 1982–87 త్రవ్వకములలో వెలువడిన బౌద్ధారామపు ఇటుకలను వానకారు నాచు పట్టును. దిగువ పొలములు చాలవరకు ఇండ్ల స్థలములైనవి. గట్టు మిగిలినచోట చిట్టెలుక కాపురముండును. నాచు ఇటుకలో తేమను నిలుపును, చిట్టెలుక కంకిని కొరుకును. రెండును ప్రాణులే గనుక గోడ గీకుటయు విషము పెట్టుటయు ఒక్కటే యని కొందరందురు. నాకది సమ్మతము గాదు.

నాచునకు నిజమైన వేళ్ళు లేవు. దాని ఆకు చాలవరకు ఒక్క కణము మందము. ఆ ఆకుతోనే నీరు త్రాగును. ఎండలో ముడుచుకొని చచ్చినట్లుండి, తొలి జల్లుకు మరల పచ్చనగును. దీనిని వైరాగ్యమునకు ఉపమానము చేయువారు కలరు. ఆశయే లేనిదానికి విరక్తి యెక్కడిది? దానికి నాడులు లేవు, బాధ యెరుగుననుటకు ఆధారమును లేదు.

శాస్త్రజ్ఞులు మస్ బూడుగా అను చిట్టెలుక పది గ్రాములకు అటునిటు తూగును. ఎండి మరల లేచు వరము దానికి లేదు. కన్ను తెరవని, రోమము మొలవని పిల్లలను కలుగులో దాచి పాలిచ్చును. జింకు ఫాస్ఫైడు తిన్న తల్లి తిరిగి రాకున్న ఆ పిల్లలు ఆకలితో చచ్చును.

మరి పంటయు అన్నమే గదా, రైతేమి చేయవలెను? ప్రశ్న న్యాయమైనదే. గట్లను సన్నముగా నుంచవచ్చును, గాదెకు రేకు తొడుగవచ్చును. ఇవి చేసియు కంకి దక్కక విషమునకు పోయిన రైతును నేను నిందింపను. ధాన్యమునకు మూతయైనను వేయక విషపుటుండలు చుట్టువానితోనే నా వాదము.