పరీక్ష ఎవరిమీద?

బొగ్గుగనుల్లో విషవాయువు జాడ కనుక్కోవడానికి ఒకప్పుడు పిట్టను వాడేవారు. 1890ల్లో బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు చేసిన సూచన ఇది. కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. మనిషికి తెలిసేలోపలే ప్రాణం తీస్తుంది. కేనరీ పిట్ట మనిషికంటే ముందే తూలి పడిపోతుంది. అది పడిపోగానే గనిలోవాళ్లు బయటికి పరుగెత్తేవాళ్లు. బ్రిటన్ గనుల్లో ఈ పిట్టలకు 1986లోగాని సెలవు దొరకలేదు. పిట్ట గనిలోంచి బయటపడింది గాని, దాని పేరు మాత్రం ఇంకోచోట కొలువుకు కుదిరింది. ఈనాడు సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు కొత్త ప్రోగ్రామును ముందుగా నూటికి ఒకరికో ఇద్దరికో పంపి, వాళ్లకేమీ కాలేదని చూసుకుని మిగతావాళ్లకు పంపుతారు. దీన్ని కేనరీ రిలీజ్ అంటారు. ఆ ఒకరిద్దరూ ఎవరు? తాము పిట్టలమని వాళ్లకు తెలుసునా? ఈ ప్రశ్న వేస్తే నా మిత్రులు కొందరు నవ్వుతారు. నవ్వదగిన ప్రశ్న కాదని నా అభిప్రాయం.

ముందుగా న్యాయంగా చెప్పుకోవలసిన మాట ఒకటుంది. పాత పద్ధతిమీద నాకేమీ ప్రేమ లేదు. ప్రణాళిక అంతా ముందే కాగితాలమీద రాసి, యేళ్ల తరబడి కట్టి, పరీక్షను చివరి వారాలకు వదిలెయ్యడం ఆ పద్ధతి. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్యబీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ తెరిచినప్పుడు మొదటిరోజు నమోదు పూర్తిచేసుకోగలిగినవాళ్లు ఆరుగురు. ఆ వ్యవస్థను ఈ కొసనుంచి ఆ కొసదాకా కలిపి పరీక్షించడం ప్రారంభానికి ముందు కొద్దివారాల్లోనే జరిగింది. ఇలాంటి అనుభవాలు అంతకుముందూ కొల్లలు. 2001 ఫిబ్రవరిలో ఉటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని ఎజైల్ ప్రకటన రాసింది ఆ విసుగులోంచే. కొంచెం కొంచెంగా కట్టు, కట్టింది వెంటనే వాడేవాళ్లకు చూపించు, వాళ్లు చెప్పినదాన్నిబట్టి మార్చు, సారాంశం ఇదీ. వాడేవాడి మాటకు ప్రణాళికకన్న ఎక్కువ విలువ ఇవ్వడం చిన్న విషయం కాదు. అందులో ఒక ప్రజాస్వామిక లక్షణం ఉంది.

కాని రెండువారాలకొకసారి సరుకు బయటికి రావాలంటే రెండువారాలకొకసారి పరీక్ష జరగాలి గదా! పరీక్షకు యంత్రాలు కావాలి. వ్యాపారం నడిచే సర్వర్ ఒకటుంటే, దానికి జోడుగా పరీక్షకోసం ఇంకొకటి కొనమంటే ఏ యజమానీ సంతోషించేవాడు కాడు. ఒకవేళ కొన్నా అది పాతది, చిన్నది. దానిమీద సరిగ్గా నడిచిన ప్రోగ్రాము అసలు దానిమీద కూలబడేది. నలుగురు టెస్టర్లు ఒక యంత్రం దగ్గర వంతులు వేసుకునేవాళ్లు. 2006 ఆగస్టులో అమెజాన్ తన కంప్యూటర్లను గంటకు 10 సెంట్ల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2017నుంచి సెకన్ల లెక్కన కూడా ఇస్తోంది. వరికోత యంత్రాన్ని గంటలెక్కన తెచ్చుకునే రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రోగ్రామరు ఒక మార్పు రాసి అప్పగించగానే ఎక్కడో నూరు యంత్రాలు లేస్తాయి, అసలు వ్యవస్థకు నకలు తయారవుతుంది, వేల పరీక్షలు పక్కపక్కన జరుగుతాయి, ఫలితం వస్తుంది, యంత్రాలు మాయమవుతాయి. బిల్లు మాత్రం మిగులుతుంది. (దీనికి మేఘమని పేరుపెట్టినవాడు కవి అయినా అయివుండాలి, వ్యాపారి అయినా అయివుండాలి. ఆకాశంలో ఏమీ లేదు. అంతా నేలమీదే, కాపలావున్న భవనాల్లో ఉంది. 2022 నవంబరునుంచి హైదరాబాదులోనూ ఉంది.)

నైతికమైన చిక్కు ఇక్కడ మొదలవుతుంది. నిన్నటిదాకా "సరిగ్గా పరీక్షించడానికి సాధనాలు లేవు" అన్నవాణ్ని కొంతవరకు క్షమించవచ్చు. చెయ్యలేని పని చెయ్యలేదని ఎవరినీ నిందించలేం. సాధనం గంటకు పది సెంట్లకు చేతికొచ్చాక ఆ క్షమాపణ చెల్లదు. అంటే పరీక్ష చౌక అయినకొద్దీ బాధ్యత బరువెక్కాలి. జరిగింది మటుకు చాలాచోట్ల ఇందుకు విరుద్ధం. ఎందుకంటే, పరీక్షను చౌక చేసిన ఏర్పాటే విడుదలనూ చౌక చేసింది, సవరణనూ చౌక చేసింది. పొద్దున పంపినదాన్ని సాయంత్రానికి దిద్దవచ్చు. దిద్దడం అంత సుళువైనప్పుడు ముందే వెతకడం దండగమారి ఖర్చుగా కనిపించసాగింది. "వాడేవాళ్లే చెబుతారు లెండి" అన్న మాట, వాడేవాడి గౌరవం కోసం పుట్టినది, వాడేవాడిచేత జీతం లేని చాకిరీ చేయించే మాటగా మారింది.

నా స్నేహితుడి కూతురు ఒకతె అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చదివి హైదరాబాదులోనే ఉద్యోగం చేస్తోంది. తప్పులు పట్టుకుంటే కంపెనీలో మెచ్చుకుంటారా అని అడిగాను.

"మెచ్చుకుంటారు బాబాయ్, సోమవారం పట్టుకుంటే. గురువారం సాయంత్రం పట్టుకుంటే మొహాలు మాడ్చుకుంటారు. శుక్రవారం విడుదల కదా."

"మరి గురువారం దొరికినవాటిని ఏం చేస్తావమ్మా?"

"తెలిసిన లోపాలు అని ఒక పట్టిక ఉంటుంది. అందులో రాసి వదిలేస్తాం."

ఆమె తప్పు చేస్తున్నదని నేననుకోను. ఆమె చేతిలో నూరు యంత్రాలున్నాయి గాని, శుక్రవారం లేదు.

2024 జూలై 19న జరిగింది అందరికీ గుర్తుండేవుంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన చిన్న ఫైలు ఒకటి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూలదోసింది. ప్రోగ్రాము 20 విలువలకు సిద్ధంగా ఉంటే కొత్త సమాచారం 21వ దాన్ని అడిగింది. దీన్ని ముందే పసిగట్టవలసిన తనిఖీ ప్రోగ్రాములోనే లోపముంది. దాన్ని నమ్మి, నిజమైన యంత్రాలమీద నడిపి చూడకుండా, ఒక్కసారిగా లోకమంతటికీ పంపారు. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. కాని అప్పటికే పడిపోయిన యంత్రాలను ఒక్కొక్కదాని దగ్గరా మనిషి కూర్చుని లేపవలసివచ్చింది. ఆస్పత్రులు ఆగాయి, విమానాలు ఆగాయి. శంషాబాదు విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అద్దె యంత్రాలకు కొదవలేని కాలంలో జరిగిన సంగతి ఇది.

"చూశారా, వాళ్లు కేనరీ పద్ధతి పాటించివుంటే ఇంత నష్టం జరిగేది కాదు. మీరేమో ఆ పద్ధతినే తప్పుపడుతున్నారు" అని మిత్రులు నన్ను పట్టుకుంటారు. పట్టుకోవలసిందే. ఎనభై అయిదు లక్షలమంది పడిపోవడంకన్న వెయ్యిమంది పడిపోవడం నయం. ఏ పరీక్షాగారమూ లోకమంత వైవిధ్యాన్ని తనలో ఇముడ్చుకోలేదు గనక, ఎంత పరీక్షించినా మొదటి వాడకందారుడు అనేవాడొకడు ఎప్పుడూ ఉంటాడు. దీన్ని కాదనడం అమాయకత్వం. కాని గనిలోని పిట్ట సంగతి వీళ్లు పూర్తిగా చదివినట్లు లేదు. ఆ పంజరాల్లో కొన్నింటికి పైన చిన్న ఆక్సిజన్ సిలిండరు ఉండేది. పిట్ట తూలగానే తలుపు మూసి, ఆక్సిజన్ వదిలి దాన్ని బతికించేవాళ్లు. అంతకన్న ముఖ్యమైనది, పంజరం మోసినవాడు గనిపనివాడే. పిట్ట పీల్చే గాలే తనూ పీల్చేవాడు.

ఈ రెండు షరతులనూ మన కాలపు కేనరీకి పెట్టి చూడాలి. కొన్ని కంపెనీలు కొత్త ప్రోగ్రామును ముందుగా తమ ఉద్యోగులచేతే వాడిస్తాయి. మంచి ఆచారం, అదే గాలి పీల్చడమంటే. అయితే రేషను దుకాణంలో వేలిముద్ర యంత్రానికి ప్రోగ్రాము రాసేవాడికి ఆ రేషను బియ్యం అవసరముండదు. పింఛను జాబితా తయారుచేసే ప్రోగ్రాము రాసేవాడు పింఛనుకోసం క్యూలో నిలబడడు. సంపన్నుడు వాడే సరుకు విషయంలో తప్పు జరిగితే అతను ఇంకో కంపెనీకి పోతాడు. ప్రభుత్వపు వ్యవస్థను వాడేవాడికి ఇంకోటి లేదు. పరీక్ష ఎవరిమీద జరిగినా అభ్యంతరం చెప్పలేనివాడిమీద ఎక్కువ జరుగుతుంది.

అభ్యంతరం సంగతి వచ్చింది గనక ఒక్క మాట. 2012 జనవరిలో ఫేస్‌బుక్ వారంరోజులపాటు 6,89,003 మందికి కనిపించే కబుర్లలో సంతోషాన్నో దుఃఖాన్నో తగ్గించి, వాళ్ల మనసులు ఎలా మారతాయో చూసింది. 2014 జూన్‌లో ఆ ఫలితాలు పత్రికలో అచ్చయితేగాని, తాము ప్రయోగంలో ఉన్న సంగతి ఆ లక్షల మందికి తెలిసే వీలు లేదు. నియమావళికి "సరే" అన్నారు గదా అని సమర్థించినవాళ్లున్నారు. వైద్యుడెవరైనా ఈ జవాబు చెబితే మనం ఒప్పుకుంటామా?

ఇక ఆక్సిజన్ షరతు. సినిమా టిక్కెట్టు రెండుసార్లు వసూలయితే డబ్బు వాపసు ఇవ్వవచ్చు, నష్టం పూడుతుంది. అన్నీ అలా పూడవు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. సుమారు 9.7 లక్షల మంది రాస్తే మూడు లక్షలకు పైగా తప్పారు. కొత్త కంపెనీ, కొత్త సాఫ్ట్‌వేర్. హాజరైనవాళ్లు గైరుహాజరయ్యారు. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి తిరిగి చూస్తే 99 తేలింది. ఆ సున్నా దిద్దినవారి చేతిలో, గడులు నింపడంలో జరిగిన పొరపాటని చెప్పారు. కావచ్చు. మిగతా పేపర్లలో మంచి మార్కులున్న పిల్లకు మాతృభాషలో సున్నా ఏమిటని అడిగే పాటి తెలివి ఒక ప్రోగ్రాములో పెట్టడం ఎంత పని? పాత లెక్కనూ కొత్త లెక్కనూ పక్కపక్కన నడిపి తేడాలు చూడడానికి ఈనాడు కొన్నిగంటల అద్దె చాలు. ప్రభుత్వం వేసిన ముగ్గురి కమిటీ సాఫ్ట్‌వేర్ లోపాలూ ఉన్నాయి, మనుషుల లోపాలూ ఉన్నాయి అంది. తప్పినవాళ్లందరి పేపర్లూ ఉచితంగా తిరిగి చూస్తే వెయ్యిమందికి పైగా ప్యాసయ్యారు. ఈలోగా 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో ఎవరి మరణానికి ఏ తప్పు కారణమో తేల్చడం నా పని కాదు, నాకు చేతనయ్యేదీ కాదు. ఫలితాన్ని సవరించవచ్చునన్న ధీమాతో విడుదల చెయ్యదగిన సరుకు అది కాదని మాత్రం అంటున్నాను.

మొన్న నా స్నేహితుడి కూతురు మళ్లీ వచ్చినప్పుడు ఆ తెలిసిన లోపాల పట్టికలో ఏమేం గడులుంటాయని అడిగాను. లోపం పేరు, తీవ్రత, ఎవరు దిద్దాలి, ఎప్పటికి దిద్దాలి అని వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఎవరికి దెబ్బ తగులుతుంది అనే గడి లేదా అన్నాను. లేదంది. ఒకసారి తనే పెట్టమని అడిగిందట. పైఅధికారి కోప్పడలేదు, మంచి సూచన అన్నాడు. అని, "కాని ఆ గడి నింపడానికి మనకెవరు తెలుసు?" అన్నాడట.