బోర్డు మీద లేని పేరు

హైదరాబాద్‌లో అమీర్‌పేట అనగానే కోచింగ్ సెంటర్లే గుర్తొస్తాయి. అవే సందుల్లో, పంజాగుట్ట దాకా, మాటలు ఆలస్యమైన పిల్లలకు, ఆటిజం ఉన్న పిల్లలకు థెరపీ ఇచ్చే కేంద్రాలూ ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి.

థెరపిస్టు పేరు బోర్డు మీద ఉంటుంది. పిల్లలు నోట్లో పెట్టుకున్న బొమ్మల్ని కడిగి ఆరబెట్టే ఆయమ్మ పేరు ఎక్కడా ఉండదు. మిక్సీ చప్పుడుకి చెవులు మూసుకునే బాబెవరో, కొత్త చెప్పులంటే ఏడ్చే పాపెవరో ఆమెకు తెలుసు. నన్నడిగితే, అదీ వైద్యమే. జీతం చీటీలో మాత్రం అలా రాయరు లెండి.

మీ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తుంటే, ఈరోజు ఆమెను పేరడిగి పలకరించండి. మీవాడిలో ఏం గమనించిందో కూడా అడగండి.