తిరిగి పెట్టేస్తే దొంగతనం కాదా?

 

మన జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కర్మాగారం మొదలుకొని బొంబాయి రోడ్డు పక్కనున్న షెడ్ల వరకు, పరుల యంత్రాలపై పనిచేసి బతికే కుటుంబాలెన్నో ఉన్నాయి. ఒక జుమా నమాజు తర్వాత ఓ సోదరుడు మమ్మల్ని అడిగాడు: "మౌలానా సాబ్! నేను వెల్డింగ్ షెడ్డులో సూపర్‌వైజర్‌ని. సేఠ్ ఊళ్ళో లేనప్పుడు మిషన్నూ, ఇద్దరు కుర్రాళ్ళనూ తీసుకెళ్ళి మా ఇంటికి గేటు చేయించుకున్నాను. ఇనుము నాదే. సాయంత్రానికి మిషన్ దాని చోట పెట్టేశాను. ఇది దొంగతనమా?"

షరీఅత్ పరిభాషలో దొంగతనమంటే భద్రపరచిన చోటి నుండి పరుల సొత్తును రహస్యంగా కాజేయడం. మన చేతికి అప్పగించిన దాన్ని అనుమతి లేకుండా వాడుకోవడానికి పేరు వేరు. అది ఖియానత్, అంటే నమ్మకద్రోహం. పేరు మారింది కదా అని పాపం తేలికైపోదు. అమానతులను హక్కుదారులకు అప్పగించమని దివ్య ఖుర్ఆన్ అన్‌నిసా సూరాలో ఆజ్ఞాపించింది.

"తిరిగి పెట్టేశాను కదా" అన్న సాకుకు కూడా జవాబుంది. హునైన్ రోజున (హిజ్రీ 8) దైవప్రవక్త (స) ఉమ్మడి యుద్ధప్రాప్తిలోని జంతువుపై స్వారీ చేసి, అది బక్కచిక్కాక తిరిగి అప్పగించడాన్ని వారించారు. బట్టను ధరించి, పాతబడ్డాక తిరిగివ్వడాన్నీ వారించారు. హజ్రత్ రువైఫిఅ్ బిన్ సాబిత్ (రజి) తెలిపిన ఈ హదీసు అబూదావూద్‌లో ఉంది. వస్తువు తిరిగి రావచ్చు, దాని అరుగుదల మాత్రం యజమాని నెత్తినే పడుతుంది.

"వెల్డింగ్ రాడ్లు ఎవరివి?" అని అడిగాము. "షెడ్డువే" అన్నాడు. "కుర్రాళ్ళు ఇష్టపడి వచ్చారా?" అంటే తల దించుకున్నాడు. సూపర్‌వైజర్ పిలిస్తే కాదనగలరా? ఆ రోజు కూలి సేఠ్ ఇచ్చాడు, పని ఇతనికి జరిగింది. డ్యూటీ దాటాక కూడా పని చేయించుకొని ఉంటే ఆ కూలి ఇతనే బాకీ. కూలివాని చేత పూర్తి పని చేయించుకొని కూలి ఎగ్గొట్టిన వానికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసు తెలుపుతోంది.

మిషన్ వాడకానికి అద్దె కట్టాలని షాఫియీ, హంబలీ పండితులు అన్నారు. హనఫీ ఫిఖహ్ వక్ఫ్ సొత్తు, అనాథల సొత్తు, అద్దెకుంచిన వస్తువుల విషయంలో దాన్ని తప్పనిసరి చేసింది. అయితే అది పాపమన్న విషయంలో భేదం లేదు. యజమాని ముందే అనుమతించినవి, అందరికీ తెలిసి వాడుకలో ఉన్నవి వేరు.

"చెబితే ఉద్యోగం పోతుందేమో!" అన్నాడతను. సేఠ్‌కు చెప్పి క్షమాపణ కోరడమే ఉత్తమం. హాని జరుగుతుందన్న భయం నిజమైతే రాడ్ల ఖరీదు, ఆ రోజు కూలి ఏదో విధంగా సేఠ్‌కు చేర్చాలి. ఒట్టి తౌబాతో మనుషుల హక్కు తీరదు.

మన పిల్లలు రోజూ ఆ గేటు తెరుచుకొనే మదర్సాకు వెళతారు. అది హలాల్ గేటు కావాలి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.